ఏడో ముక్కు

ఈ సముద్రపు ఒడ్డున నా ముక్కును మించిన ముక్కు ఇంకా పుట్టలేదు. గొప్పలు చెప్పుకోవడం నాకు ఇష్టం ఉండదు గానీ, ఉన్నమాట చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది కదా. ముప్పై ఎనిమిదేళ్ళు చేపల రేవులో వాసన చూసే పని చేశాను. పడవ ఒడ్డుకు రాగానే బుట్టలోంచి ఒక చేపను తీసి, మొప్ప ఎత్తి, ఒక్కసారి పీల్చి, ఇది ఈ రోజుది, ఇది నిన్నటిది, ఇది మంచులో మూడు రోజులు పడుకుని లేచింది అని చెప్పేవాణ్ణి. నేను పక్కకు నెట్టిన బుట్టను మళ్ళీ ముట్టుకునే ధైర్యం ఏ వ్యాపారికీ ఉండేది కాదు. అది చిన్న సంగతి. వల వాసన చూసి, ఆ పడవ సరంగు పొద్దున పెళ్ళాంతో పోట్లాడి బయల్దేరాడో, నవ్వుతూ బయల్దేరాడో కూడా చెప్పేవాణ్ణి. పోట్లాడినవాడి వల కాస్త పుల్లగా ఉంటుంది. ఒకసారి గట్టు మీద కూచుని, కంటికి ఇంకా ఆనని ఓడలో ఉల్లిపాయలు వస్తున్నాయన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి ఓడ వచ్చింది. ఉల్లిపాయలే. అందులో సగం మొలకలెత్తాయన్నాను. ఆ మాట మూటలు విప్పేదాకా ఎవరూ నమ్మలేదు.

నా చదువు ఊరి బడిలో అయిదో తరగతి దగ్గర ఆగింది. మా చెల్లెలి కూతురి చదువు ఎక్కడా ఆగలేదు. తన ఉద్యోగం పేరు పూర్తిగా చెప్పాలంటే నేను మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకోవాలి. సులువుగా చెప్పాలంటే, సముద్రంలో నూనె ఒలికినా, విషం కలిసినా మొదటి ఫోను మోగేది మా మేనకోడలికి. మంటలార్పేవాళ్ళకు నిప్పు ఎలాగో, తనకు ఒలికిన నూనె అలాగ.

ఆ ఏడాది ఒక సరుకు ఓడ రేవులోకి మలుపు తిరుగుతూ రాళ్ళ గట్టుకు గుద్దుకుంది. దాని కడుపులో తారులా చిక్కగా ఉన్న ఇంజను నూనె అఖాతంలోకి కారిపోయింది. మా మేనకోడలు ఆ రోజు నుంచి ఇల్లు మరిచిపోయింది. నీళ్ళ మీద తేలే గోడలు కట్టించింది. నూనెను తోడించింది. మట్టిలో ఇంకినదాన్ని పారలతో గీకించింది. ఇవన్నీ చూడ్డానికి పెద్ద పనులు. తనకు అన్నం సయించనివ్వని సీసాల పని మాత్రం వీటన్నిటికంటే కష్టం. ఒక సీసా నీళ్ళు తీయాలంటే పడవ ఇంజను ఆపాలి, పడవ ముందు కొసన నిలబడాలి, గాలికి ఎదురుగా వంగాలి. లేకపోతే మన పడవ పొగే సీసాలో చేరి, ఓడ చేసిన పాపం మన నెత్తికి చుట్టుకుంటుంది. చేతులకు ఏ క్రీమూ రాసుకోకూడదు. తలకు నూనె పెట్టకూడదు. మూడు నెలలకు తన చేతులు ఎండిన చెరువు అడుగులా పగిలాయి. మా చెల్లెలు ఫోను చేసి, అన్నయ్యా, దానికి కొంచెం నూనైనా రాసుకోమని చెప్పవూ అని ఏడ్చేది. నూనె గురించి ఆ పిల్లకు చెప్పేటంతటివాణ్ణా నేను?

నూనె తోడడం అయ్యాక అసలు తగువు మొదలైంది. అఖాతంలో వేట ఎప్పుడు తెరవాలి? నూనె ఒలికిన రోజే చుట్టూ నీళ్ళ మీద తేలే ఎర్ర బోయాలతో గీత గీసి వేట ఆపేశారు. తెరవాలంటే రెండు పరీక్షలు నెగ్గాలి. ఒకటి మిషను పరీక్ష. చేప మాంసంలో విషం ఎంతుందో అది లెక్క చెబుతుంది. రెండోది ముక్కు పరీక్ష. మిషను మంచిదే అన్న చేపకు కూడా ఒక్కోసారి కిరసనాయిలు వాసన అంటుకుని ఉంటుంది. అలాంటి చేప ఒక్కటి సంతకు పోయిందంటే, ఆ రేవు చేప పదేళ్ళదాకా ఎవరూ కొనరు. అందుకని ఏడుగురు మనుషుల్ని ఏరి, వాళ్ళ చేత వాసన చూపిస్తారు. ఏడుగురిలో ఒక్కరు వాసన ఉందంటే పొరపాటు కావచ్చని వదిలేస్తారు. ఇద్దరు ఉందంటే మాత్రం ఆ చోటు మూసే ఉంటుంది. ఒక్క చోటు మూసి ఉంటే అఖాతమంతా మూసే ఉంటుంది, ఎందుకంటే చేపలకు బోయాలు చదవడం రాదు.

ఆ ఏడుగురి కోసం మా మేనకోడలు ఒకరోజు మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, "మామయ్యా, నీ ముక్కు కావాలి," అంది.

"కొనుక్కుంటావా, అద్దెకా?" అన్నాను.

తను నవ్వింది. మూడు నెలల్లో ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూశాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

ఇక్కడ ఒక చిన్న సవరణ చేయాలి. పైన నేను పొగిడిన ముక్కు నాదే. కానీ ఈ కబురు వచ్చేనాటికి అది చచ్చి రెండేళ్ళయింది. వారం రోజులు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ నా వాసనను చంకన పెట్టుకుని పోయింది. ఆ తర్వాత నా ముక్కు కళ్ళజోడు నిలబెట్టడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. పాలు విరిగినా, చొక్కా మాసినా, అన్నం అడుగంటినా కంటితో చూస్తే తప్ప తెలిసేది కాదు. ఇక ఉల్లిపాయల ఓడ అంటారా, దాని సంగతి రేవు గుమాస్తా ముందురోజే నా చెవిలో వేశాడు. పెళ్ళాంతో పోట్లాడినవాడి వల పుల్లగా ఉండదండీ, మొహం పుల్లగా ఉంటుంది. నేను మొహం చూసే చెప్పేవాణ్ణి. మొలకల మాట మాత్రం గాలిలో రాయి వేశాను, తగిలింది.

వాసన పోయిందని ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ ఉండి ఉంటే రెండు రోజుల్లో కనిపెట్టేది. ఆవిడ పోయి చాలాకాలమైంది. పని మానేసిన ముసలివాణ్ణి ఏదైనా అడగడానికి ఎవరొస్తారు? ఆ పిల్ల వచ్చి ముక్కు కావాలంటే, లేదమ్మా, అయిపోయింది అని ఎలా చెప్పను? పరీక్ష పెడతారు కదా, అందులో తప్పుతాను, గౌరవంగా ఇంటికొస్తాను అనుకున్నాను. నా లెక్క అది.

ఆఫీసు ఐస్ ఫ్యాక్టరీ మేడ మీద ఉండేది. కింద మంచు దిమ్మలు జారిన చప్పుడుకు పైన బల్లలు వణికేవి. మా మేనకోడలు పది చిన్న గోధుమరంగు సీసాలు వరసగా పెట్టింది. అయిదింటిలో ఉత్త నీళ్ళు, అయిదింటిలో చుక్కో, అరచుక్కో నూనె. ఏది ఏమిటో సీసా అడుగున రాసి ఉంటుంది. పద్ధతి ప్రకారం సీసా పట్టుకునే మనిషికి లోపల ఏముందో తెలియకూడదట. ఆ రోజు ఆఫీసులో సగం మంది పడవల మీద ఉన్నారు. ఫోను ఆగకుండా మోగుతోంది. తనే కలిపిన సీసాలను తనే పట్టుకుని, నా ఎదురుగా కూచుని, ఒక్కొక్కటే నా ముక్కు కింద పెట్టింది.

నా చేతుల మీద పెరిగిన పిల్ల. పలక పగలగొట్టి వీపు వెనక దాచుకుంటే, గది అవతలి నుంచి చెప్పేవాణ్ణి. నూనె ఉన్న సీసా మూత తీసినప్పుడల్లా తను ఊపిరి బిగబట్టింది. నీళ్ళ సీసా అయితే మామూలుగా గాలి పీల్చింది. అంతే. ఉంది, లేదు, లేదు, ఉంది అని చదువుకుంటూ పోయాను.

"పదికి పది," అంది తను. "నీకంటే ముందు వచ్చిన లెక్కల టీచరమ్మకు కూడా తొమ్మిదే వచ్చాయి మామయ్యా."

తప్పుదామని వెళ్ళినవాణ్ణి, ఫస్టు వచ్చాను. అయిదో తరగతిలో కూడా రాలేదు.

వాసన గది గురించి చెప్పాలి. కిటికీలు లేవు. గోడలకు తెల్ల సున్నం. ఫ్యాను వేయరు, వాసన ఒకరి నుంచి ఒకరికి పోతుందని. ఏడు చిన్న గళ్ళు, మధ్యన చెక్క అడ్డాలు. చేప రంగు కనబడకుండా ఎర్ర బల్బు. సబ్బుతో స్నానం చేసి రాకూడదు, పొగ తాగి రాకూడదు, గదిలో మాట్లాడకూడదు. పక్కవాడి కాగితం చూడకూడదు, పక్కవాడి మొహం అసలే చూడకూడదు. ఉప్పూ కారం లేకుండా ఆవిరి మీద ఉడికించిన చేపముక్కను గాజు గిన్నెలో పెట్టి, గాజు మూత వేసి, అంకె అంటించి ఇస్తారు. గంట కొట్టగానే అందరూ ఒకేసారి మూత తీయాలి. ఒక్కో గిన్నెకు కాగితం మీద ఉంది, లేదు అని టిక్కు పెట్టాలి. మధ్యమధ్యలో మంచి గిన్నెల్లో కావాలని నూనె చుక్క వేసినవి కలుపుతారు, మేం నిద్రపోతున్నామో లేదో చూడ్డానికి. వాటికి మేం దొంగ గిన్నెలని పేరు పెట్టుకున్నాం.

ఆరో గడిలో లెక్కల టీచరమ్మ. నలభై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి మానేసిన మనిషి. ఏ పిల్లవాడు జేబులో ఏం దాచుకుని వచ్చాడో తలుపు దగ్గరే పసిగట్టేదట. ఏడో గడిలో, చివరన, నేను.

మొదటి గంట కొట్టారు. మూత తీశాను. గిన్నెలోంచి నాకు వెచ్చదనం ఒక్కటే తెలిసింది.  అప్పుడు పక్కనుంచి టక్ మని చప్పుడు. టీచరమ్మ మూత వేసేసింది. రెండో గిన్నెకు ఆవిడ మూత చాలాసేపు వేయలేదు. మూడుసార్లు పీల్చిన చప్పుడు వినబడింది, ఆ తర్వాత మూత నెమ్మదిగా ఆనింది. నాలుగైదు గిన్నెలు దాటేసరికి నాకు ఆవిడ భాష వచ్చేసింది. కంపు ఉంటే ఒక్క పీల్పు, టక్. లేకపోతే ఆవిడ వెతుకుతుంది, దొరక్క మెల్లగా మూస్తుంది. అందరి పళ్ళాల్లోనూ గిన్నెలు ఒకే వరసలో ఉన్నాయి. మనుషులు చాలక ఒక్కొక్కరికి ఒక్కో వరస పేర్చలేదు. మొహం చూడకూడదన్నారు గానీ చెవులు మూసుకోమని ఎవరూ అనలేదు కదా. ఆవిడ టక్ అంటే నేను ఉంది అని రాశాను. ఒకసారి ఆవిడ తుమ్మి మూత పడేసింది. ఏ పాపం ఎరగని ఒక చేప మీద నేను కిరసనాయిలు పోసినట్టు రాసేశాను.

నాలుగు చోట్ల చేపలు తెచ్చారు. మూడు చోట్ల, నా తుమ్ము టిక్కు ఒక్కటి పోగా, అందరూ లేదన్నారు. నాలుగోది మడ చెట్ల మధ్య పాయ, అడుగున మెత్తటి బురద. ఆ పాయ గిన్నెలకు ఆరో గడి మూడుసార్లు టక్ మంది. టీచరమ్మ ఉంది అని రాసింది. నేనూ రాశాను. మిగతా అయిదుగురు లేదని రాశారు.

ఇద్దరు. అఖాతం ఇంకో నెల మూత.

మర్నాడు బోట్ల సంఘం పెద్ద ఆఫీసుకు వచ్చాడు. మీసాల సరంగు అంటారు. నేను బయట వరండాలో బల్ల మీద కూచుని ఉన్నాను. లోపలి మాటలన్నీ వినబడుతున్నాయి. మిషను బాగుందన్న చేపను ఇద్దరు ముసలివాళ్ళ ముక్కులు పట్టుకుని ఆపుతావా, మా ఇళ్ళల్లో పొయ్యిల మాటేమిటి, నీకు జీతం వస్తుంది కదా అని అడిగాడు. పెద్ద ఆఫీసరు కూడా, అవునమ్మా, ఇద్దరే కదా, మళ్ళీ ఆలోచించకూడదా అని గొణిగాడు.  తర్వాత మా మేనకోడలి గొంతు వినబడింది.

"ఇద్దరూ విడివిడిగా కూచున్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. అయినా అవే మూడు గిన్నెల దగ్గర ఇద్దరూ ఆగారు. అది కాకతాళీయం కాదు సరంగు గారూ. అందులో ఒకటి మా మామయ్య ముక్కు. దానికి నేను పూచీ."

వరండాలో నా ఎదురుగా ఒక తొట్టిలో మొక్క ఉంది. దాని ఆకులు లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెడితే మూడు రకాలుగా వచ్చాయి.

ఆ వారమంతా బజారులో జనం మా మేనకోడల్ని చూసి మాటలు ఆపేసేవాళ్ళు. తను మాత్రం తలెత్తుకునే నడిచింది. ఆ తలకింద పెట్టిన దిండు నేనే కదా. చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి తను ఫోనులో ఉంది. ఇంకోసారి తను ఊరికే కూచుని ఉంది. ఆ రెండోసారే నాకు ఎక్కువ భయమేసి తిరిగొచ్చాను.

అఖాతంలో వేట లేకపోయేసరికి, అఖాతం కోసం చేసిన చిన్న పడవలు బోయాలు దాటి పెద్ద సముద్రంలోకి పోవడం మొదలుపెట్టాయి. ఆ పడవలకు అక్కడి అల ఎక్కడం రాదు. పదో రోజున ఒకటి బోర్లాపడింది. ముగ్గురినీ తీసుకొచ్చారు, బతికే ఉన్నారు. కానీ మీసాల సరంగు అల్లుడి కాలు పడవ అంచుకీ ఇంజనుకీ మధ్య నలిగింది. ఆస్పత్రి మెట్ల మీద సరంగు తన చెప్పులు చేత్తో పట్టుకుని కూచున్నాడు. ఎందుకు విప్పాడో అతనికే తెలియదనుకుంటాను. నేను దూరం నుంచే వెనక్కి తిరిగాను.

ఆ మర్నాడు పొద్దున గట్టు మీద మూడుసార్లు అటూ ఇటూ తిరిగాను. ఇక చాలనిపించింది. ఎవరూ పిలవకుండా, ఎవరూ అడక్కుండా, నా అంతట నేనే ఐస్ ఫ్యాక్టరీ మెట్లెక్కి మా మేనకోడలి గదికి వెళ్ళాను. తను సీసాలకు కాగితాలు అంటిస్తోంది.

"అమ్మాయీ, నాకు వాసన రాదు," అన్నాను.

జలుబు చేసిందా అని అడిగింది, తలెత్తకుండానే.

"కాదు. రెండేళ్ళుగా రాదు."

తను కాగితం అంటించడం పూర్తి చేసింది. లేచి అలమరలోంచి ఒక సీసా తీసింది. నాకు వీపు చేసి నిలబడి, చేయి మాత్రం భుజం మీదుగా వెనక్కి చాచి, సీసాను నా ముక్కు కింద పెట్టింది. ఈసారి తన మొహం గోడవైపు ఉంది.

"ఏముంది?"

"నీళ్ళు," అన్నాను, ఏదో ఒకటి చెప్పాలని.

తర్వాత తెలిసింది, అది ఓడ కడుపులోంచి నేరుగా తీసిన నూనె. గదిలో ఇంకెవరున్నా ముక్కు మూసుకుని పారిపోయేవాళ్ళట. తను మూత బిగించి, కుర్చీలో కూచుని, మరి పరీక్ష ఎలా నెగ్గావని అడిగింది. నీ ఊపిరి చూసి అన్నాను. మూతల చప్పుడు సంగతీ, టీచరమ్మ తుమ్ము సంగతీ, ఏదీ దాచకుండా చెప్పాను. తుమ్ము దగ్గర నాకు నవ్వొచ్చింది. తను నవ్వలేదు. పగిలిన చేతులు రెండూ బల్ల మీద పెట్టి వాటివైపే చూసింది.

"సీసాలు నేను పట్టుకోకూడదు," అంది. "బడి పిల్లలకు నేర్పే మొదటి పాఠం అది. మా మామయ్యే కదా అని పట్టుకున్నాను."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పెద్ద ఆఫీసరు కబురు విని లోలోపల సంతోషించాడు. ఏడోవాణ్ణి కొట్టేస్తే ఆరుగురు, ఆరుగురిలో ఉందన్నది ఒక్కరే, కాబట్టి ఈ మధ్యాహ్నమే తెరిచేద్దాం అన్నాడు. మా మేనకోడలు ఒప్పుకోలేదు. చప్పుడు వినబడే గదిలో ఒకడు విన్నాడంటే మిగతావాళ్ళు వినలేదని నమ్మకమేమిటి? టీచరమ్మ మూత టక్ మనలేదు కదా అన్న ధైర్యంతో ఎవరు లేదు అని రాశారో ఎవరికి తెలుసు? ఆ రోజు కాగితాలన్నీ చెల్లవంది. మళ్ళీ చేపలు పట్టాలి, మళ్ళీ వండాలి. ఎనిమిది రోజులు పడుతుంది.

ఆ మాట చెప్పడానికి తనే గట్టు మీదికి వెళ్ళింది. నన్నూ రమ్మంది. నూటయాభై మంది దాకా ఉన్నారు. మా మామయ్యకు వాసన తెలియదు, పరీక్ష పెట్టింది నేను, సరిగ్గా పెట్టనిదీ నేనే అని, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పింది. సరంగు నావైపు చూశాడు. నేను కళ్ళజోడు సర్దుకున్నాను.

"ఆ ముక్కు దానికోసమేనా?" అన్నాడు అతను, చాలా నెమ్మదిగా.

వెనక ఎవరో నవ్వారు. సరంగు నవ్వలేదు. మా అల్లుడి కాలు కూడా మళ్ళీ పట్టి మళ్ళీ వండుతారా అని మా మేనకోడల్ని అడిగాడు.  తను అక్కడి నుంచి కదల్లేదు. వాళ్ళంతా వెళ్ళిపోయేదాకా నిలబడింది. ఆ రోజు నుంచి రేవులో నా పేరు కళ్ళజోడు స్టాండు. ఇప్పటికీ అదే. ఉత్తరాలు కూడా ఆ పేరుకే వస్తున్నాయని చెప్పను గానీ, వస్తే మాత్రం పోస్టుమాను తిన్నగా మా ఇంటికే తెస్తాడు.

రెండో పరీక్షకు గాజు మూతలు తీసేసి గుడ్డ మూతలు కట్టారు. ఒక్కొక్కరికి ఒక్కో వరసలో గిన్నెలు పెట్టారు. నా గడిలో రొట్టెల బట్టీ నడిపే ఆవిడను కూచోబెట్టారు. ఆవిడకు సీసాల పరీక్ష పెట్టింది, సీసాల్లో ఏముందో తెలియని మనిషి. నేను వరండాలో బల్ల మీదే ఉన్నాను. లోపల్నుంచి గంట చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మధ్యాహ్నానికి కాగితాలు విప్పారు. పాయ గిన్నెలు మూడింటికీ టీచరమ్మ ఉంది అని రాసింది. మిగతా ఆరుగురూ లేదని రాశారు.

ఒక్కరు. పద్ధతి ప్రకారం తెరవాలి.

మా మేనకోడలు సంతకం పెట్టకుండా టీచరమ్మను లోపలికి పిలిచింది. ఖాయంగా వచ్చిందా అండీ, అనుమానమేమైనా ఉందా అని అడిగింది.

"నాకు వచ్చింది నేను రాశాను. రానివాళ్ళు రాలేదని రాశారు," అంది టీచరమ్మ. "నీ లెక్క ఏం చెబితే అది చెయ్యమ్మా. నేను మాత్రం ఆ పాయ చేప తినను."

ఆవిడ సంచి తీసుకుని వెళ్ళిపోయింది. మా మేనకోడలు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. సంతకం పెట్టింది. మూడింటికల్లా బోయాలు లాగేశారు. పడవలన్నీ ఒకేసారి ఇంజన్లు వేస్తే ఐస్ ఫ్యాక్టరీ కిటికీలు గలగలలాడాయి. సరంగు పడవ కూడా పోయింది, అల్లుడు లేకుండా.

ఇది విచిత్రంగా లేదూ? నేను అబద్ధం ఆడినంతకాలం ఆ ఒక్క మనిషి మాటకు బలం ఉంది. నేను నిజం చెప్పగానే ఆవిడ ఒంటరిదైపోయింది. ఏది మేలో నాకు తేలలేదు. మొదటి వారం చేపల్లో రెండు పెట్టెలు సంత నుంచి వెనక్కి వచ్చాయి. మంచు చాలక పాడయ్యాయని లారీవాడు చెప్పాడు. అయి ఉండొచ్చు. వాసన చూసి చెప్పే మనిషి మా రేవులో ఇప్పుడు లేడు.

మా మేనకోడలు ప్రతి వారం ఒకరోజు ఆ పాయకు వెళుతుంది. ఇంజను ఆపి, పడవ ముందు కొసన వంగి, బురద సీసాలోకి తీస్తుంది. అది తనకు ఎవరూ చెప్పిన పని కాదు. ఒకసారి నేనూ పడవలో కూచున్నాను. ఇంతకీ ఇందులో నూనె ఉన్నట్టా, లేనట్టా అని అడిగాను.

"తెలీదు మామయ్యా. మిషను లేదంటుంది, ఆరుగురు లేదంటారు, ఒక్కావిడ ఉందంటుంది. తెలీదు అని టిక్కు పెట్టడానికి ఆ కాగితం మీద గడి లేదు."

సీసా మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుంది. నావైపు చూడకుండానే అంది.

"నీ మీద కోపం పోలేదు. కానీ ఎవరూ పట్టుకోకముందే నీ అంతట నువ్వే వచ్చి చెప్పావు. అందుకే నీతో మాట్లాడుతున్నాను."

నేను నీళ్ళవైపు చూశాను. 

ఇదంతా జరిగింది జరిగినట్టే రాశాను, ఒక్క ముక్క తప్ప. గట్టు మీద మూడుసార్లు తిరగడం, నా అంతట నేను మెట్లెక్కడం, అది నేను కల్పించింది. మెట్లెక్కిన మాట నిజమే. పడవ బోర్లాపడిన రోజు సాయంత్రం టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. సరంగు అల్లుడి కాలు చూసి వచ్చిందట. తన ముక్కు మీద తనకే అనుమానం పుట్టిందట. ఆ పాయ గిన్నెల్లో మీకు వచ్చిన వాసన కిరసనాయిలులా ఉందా, తారులా ఉందా, ఒక్కసారి చెప్పండి, నాకు ధైర్యంగా ఉంటుంది అని అడగడానికి వచ్చింది. ఆ మాట అడగలేదు. వీధిలోనే ఆగిపోయి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి, వంటింట్లోకి పోయి గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తెరిచింది. నేను టీ పెడదామని మీట తిప్పి, అగ్గిపెట్టె దొరక్క, ఆ సంగతి మరిచిపోయి, ముందు గదిలో తీరిగ్గా పేపరు చదువుకుంటున్నాను. ఇల్లంతా గ్యాసు నిండిపోయి ఉందట.

ఆవిడ గుమ్మంలో నిలబడి ఊపిరి తిప్పుకుంటూ నన్ను చాలాసేపు చూసింది. లెక్కల టీచరు కదా, మిగతాది తనే లెక్క కట్టుకుంది.

"రేపు పదింటిలోగా మీరు చెబుతారా, పదింటికి నేను చెప్పనా?" అంది.

తొమ్మిదిన్నరకు వెళ్ళాను. టీచరమ్మ ఈ సంగతి ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. మా మేనకోడలికి ఇది చదివితేనే తెలుస్తుంది.